గడ్డితాడు, గింజ, ముడి

పెరూలో ఆండీస్ కొండల మధ్య అపురిమాక్ నది లోతైన లోయలో పారుతుంది. ఆ నది మీద కెస్వాచాకా అనే వంతెన ఉంది. పొడవు 30 మీటర్లకు కాస్త తక్కువ. అందులో ఇనుము లేదు, సిమెంటు లేదు, మేకు కూడా లేదు. మొత్తం గడ్డితో పేనిందే. ఏటా జూన్‌లో చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ వాళ్ళు అక్కడ కలుస్తారు. ప్రతి ఇంటి నుంచీ ఇంత తాడు రావాలని లెక్క ఉంటుంది. ఆడవాళ్ళు గడ్డిని నానబెట్టి, నలగ్గొట్టి సన్నటి తాళ్ళు పేనుతారు. మగవాళ్ళు వాటిని కలిపి మోకులుగా, మోకులను కలిపి తొడంత లావు పగ్గాలుగా అల్లుతారు. మూడు నాలుగు రోజుల్లో కొత్త వంతెన తయారవుతుంది. పాతదాన్ని కోసి నదిలోకి వదిలేస్తారు. కరోనా వల్ల 2020లో ఈ పని ఆగిపోయింది. 2021 మార్చిలో వంతెన తెగిపోయింది. ఆ జూన్‌లోనే ఊళ్ళ వాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు.

ఈ వంతెన, స్పెయిన్ వాళ్ళు రాకముందు ఆండీస్‌ను ఏలిన ఇంకాల రాజ్యం నాటిదని చెబుతారు. ఆ మాట నిజమే. అయినా ఎప్పుడు వెళ్ళి చూసినా అందులోని గడ్డి వయసు ఏడాదికి మించదు. వందల ఏళ్ళుగా నిలిచింది పేనే పద్ధతి, ఇంటింటికీ వంతు వేసుకునే కట్టుబాటు.

కొలంబస్‌కు ముందటి అమెరికాను అర్థం చేసుకోవాలంటే ఇక్కడ మొదలుపెట్టడమే మంచిది. ఎందుకంటే మనకు బడిలో అలవాటైన కొలబద్ద వేరు. రాగి, కంచు, ఇనుము అని వరసగా యుగాలు. ఆ తర్వాత చక్రం, నాగలి, ఎడ్లబండి, లిపి. ఈ కొలబద్ద పట్టుకుని వెళితే అమెరికాలో అన్నీ లోపాలే కనబడతాయి. ఇంకాలకు బండి లేదు, మనం లిపి అనుకునేది లేదు. ఖండం మొత్తంలో ఇనుము కరిగించిన కొలిమి లేదు. అందుకే చాలాకాలం పాటు చాలామంది వాళ్ళను రాతియుగం మనుషులుగా లెక్కేశారు. ఈ కొలబద్ద పశ్చిమాసియాలో, యూరప్‌లో జరిగినదాన్ని బట్టి తయారైంది. అమెరికా మనుషులు తమ తెలివిని ఎక్కువగా పెట్టింది నారలో, విత్తనంలో, మట్టిలో. నార కుళ్ళిపోతుంది, గింజ మొలకెత్తి పంటలో కలిసిపోతుంది, మట్టి మట్టిలాగే కనబడుతుంది. రాయి మాత్రం మిగులుతుంది. అందుకే మన కళ్ళకు మాచు పిచ్చు, పిరమిడ్లు తప్ప ఇంకేమీ ఆనవు.

చక్రం సంగతి చూడండి. మెక్సికోలోని వేరాక్రూజ్ ప్రాంతంలో తవ్వకాల్లో చక్రాల మీద నడిచే మట్టి కుక్కబొమ్మలు దొరికాయి. అంటే చక్రం ఆలోచన వాళ్ళకు తట్టింది. కానీ బండికి ఏం కడతారు? గుర్రం పుట్టిల్లు అమెరికానే, ఒంటె పూర్వీకులు కూడా అక్కడివే. మంచుయుగం చివర్లో రెండూ ఆ ఖండంలో అంతరించిపోయాయి. మిగిలిన పెద్ద పెంపుడు జంతువు లామా. అది పాతిక ముప్పై కిలోలు మోస్తుంది, మనిషిని ఎక్కించుకోదు. మెట్లు మెట్లుగా ఉన్న కొండదారిలో బండి కంటే లామా, దానికంటే మనిషి కాళ్ళు నయం. ఇంకాల దారులు సుమారు 30 వేల కిలోమీటర్లు. వాటి మీద చాస్కీలనే వార్తాహరులు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ పరిగెత్తేవాళ్ళు.

ఇంకాలు చాలా ఆలస్యంగా వచ్చినవాళ్ళు. అసలు కథ మంచుయుగంలో మొదలవుతుంది. అప్పుడు సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా దిగువన ఉండేది. సైబీరియాకూ అలాస్కాకూ మధ్య నేల బయటపడి ఉండేది. ఆ దారిన ఆసియా మనుషులు అమెరికాలో అడుగుపెట్టారు. ఎప్పుడు అన్నదే తగువు. చాలాకాలం పాటు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది సుమారు 13 వేల ఏళ్ళనాటి క్లోవిస్ వేటగాళ్ళే మొదట వచ్చారన్న కథ. చిలీ దక్షిణాన మోంటె వెర్దే అనే చోట తవ్వకాలు ఆ కథను మార్చేశాయి. దాని వయసు సుమారు 14,500 ఏళ్ళని 1997 నుంచి ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకున్నారు. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో దొరికిన పాదముద్రలు 21 వేల నుంచి 23 వేల ఏళ్ళ నాటివని 2021లో ప్రకటించారు. దాని మీద వాదన ఇంకా సాగుతోంది.

ఈ వ్యాసానికి మోంటె వెర్దే ముఖ్యం కావడానికి తేదీ ఒక్కటే కారణం కాదు. అక్కడి నేల బురదనేల. మామూలుగా కుళ్ళిపోయేవన్నీ ఆ బురదలో నిలిచాయి. గుడారం మేకులు, వాటికి చుట్టి ముడివేసిన తాళ్ళు, నమిలిన సముద్రపు పాచి, అడవి బంగాళదుంప తునకలు. మిగతా చోట్ల రాతి బాణపుమొనలే దొరకడంతో తొలి అమెరికన్ అంటే ఈటె పట్టిన వేటగాడనే బొమ్మ తయారైంది. బురద కాపాడిన చోట అదే మనిషి తాడు పేనుతూ, దుంపలు తవ్వుకుంటూ కనబడ్డాడు.

అక్కడి నుంచి ఒక్కసారిగా కారల్‌కు రావాలి. పెరూ రాజధాని లిమాకు ఉత్తరాన సూపే లోయలో, ఎడారి అంచున ఉంది ఈ నగరం. రూత్ షేడీ అనే పెరూ పురాతత్వవేత్త దాన్ని తవ్వి, క్రీ.పూ. 2600 ప్రాంతానిదని 2001లో తేల్చారు. అంటే ఈజిప్టులో పెద్ద పిరమిడ్ కడుతున్న కాలం, సింధులోయలో నగరాలు లేస్తున్న కాలం. కారల్‌లో పెద్ద పెద్ద మెట్ల దిబ్బలు, వలయాకారపు సభాస్థలాలు ఉన్నాయి. కోటగోడలు కనబడలేదు. ఇంకా ఆశ్చర్యం, కుండపెంకు ఒక్కటీ లేదు. కుండ లేకుండా నగరమా అని మన కొలబద్ద అడుగుతుంది. కారల్ మనుషులు పండించిన ముఖ్యమైన పంట పత్తి. ఆ పత్తితో వలలు అల్లి తీరంలోని బెస్తవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. బెస్తవాళ్ళు ఎండుచేపలు ఇచ్చేవాళ్ళు. ఎడారి ఒడ్డున ఆ సముద్రం చేపలకు పెట్టింది పేరు. ఒక రాజ్యం లాంటిది వల మీద నిలబడింది. ఆ దిబ్బల లోపల కూడా అల్లికే ఉంది. రెల్లుతో అల్లిన సంచుల్లో రాళ్ళు నింపి, సంచి పళంగా పేర్చి కట్టారు. ఆ సంచుల నారను పరీక్షించే నగరం వయసు తేల్చారు.

నార తర్వాత గింజ. మెక్సికో నైరుతి భాగంలో బల్సాస్ నది లోయ ఉంది. అక్కడ టియోసింటే అనే అడవి గడ్డి మొలుస్తుంది. దాని కంకి చిటికెన వేలంత. అందులో అయిదు నుంచి పన్నెండు గింజలు, ఒక్కో గింజ చుట్టూ పన్ను విరిగేంత గట్టి పెంకు. పండగానే రాలిపోతాయి. సుమారు 9 వేల ఏళ్ళ కింద ఆ లోయలో మనుషులు దీన్ని ఏరుకుని, దాచుకుని, నాటడం మొదలుపెట్టారు. తరాల తర్వాత అదే మొక్కజొన్న అయింది. ఈ రెండూ ఒకటే జాతి అంటే శాస్త్రజ్ఞులే చాలాకాలం నమ్మలేదు. జార్జ్ బీడిల్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు 1930ల్లోనే ఆ మాట అన్నాడు. ఆ తర్వాత వేరే పరిశోధనకు నోబెల్ బహుమతి తెచ్చుకుని, రిటైరయ్యాక మళ్ళీ ఈ పొలంలోకే వచ్చాడు. రెండిటినీ సంకరం చేసి, మనవల తరంలో సుమారు 50 వేల మొక్కలు పెంచాడు. దాదాపు 500లో ఒకటి అచ్చం మొక్కజొన్నలా, 500లో ఒకటి అచ్చం టియోసింటేలా వచ్చాయి. ఆ లెక్క ప్రకారం రెండిటికీ మధ్య పెద్ద తేడాలు తెచ్చినవి నాలుగైదు జన్యువులే. తర్వాతి పరిశోధనలు ఆ దారినే వెళ్ళాయి.

ఇందులో చిన్నగా అనిపించే ఒక విషయం నిజానికి చాలా పెద్దది. మొక్కజొన్న కంకి ఆకుపొరల్లో బిగిసి ఉంటుంది, గింజ రాలదు. మనిషి వలిచి నాటకపోతే ఆ మొక్కకు తర్వాతి తరం లేదు. అంటే అది మనిషి తయారుచేసిన వస్తువు, ఆవిరి యంత్రం ఎంత తయారైన వస్తువో అంత. పేటెంట్ లేదు, పేరు లేదు. ఏ కంకి నుంచి విత్తనం దాచాలో ఏటా నిర్ణయించుకున్న ఆడవాళ్ళ, మగవాళ్ళ చేతులు తప్ప ఇంకేమీ లేవు.

ఆ గింజను తినే పద్ధతిలో కూడా అంతే తెలివి ఉంది. మొక్కజొన్నను సున్నపు నీళ్ళలోనో బూడిద నీళ్ళలోనో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, రాతి మీద నూరి రొట్టె చేసేవాళ్ళు. పొట్టు ఊడటం కోసం చేసే పనిలా కనబడుతుంది. కానీ ఆ సున్నం గింజలో ఇరుక్కుని ఉన్న నయాసిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టేలా చేస్తుంది. యూరప్ వాళ్ళు మొక్కజొన్నను తీసుకెళ్ళారు, సున్నాన్ని అక్కడే వదిలేశారు. ఫలితం పెల్లాగ్రా. 18వ శతాబ్దంలో స్పెయిన్, ఇటలీ పేదల చర్మం పగిలి, మతి తప్పి చనిపోయారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మళ్ళీ అదే జరిగింది. (హైదరాబాద్ చుట్టుపక్కల జొన్నల మీదే బతికిన పేదల్లో కూడా పెల్లాగ్రా కనబడింది. 1960ల ప్రాంతంలో అక్కడి శాస్త్రజ్ఞులు దాని మీద గట్టి పరిశోధన చేశారు. గింజ వేరు, కారణం కాస్త వేరు, జబ్బు మాత్రం అదే.) చదువురాని వంటింటి పద్ధతి అని పక్కన పెట్టేసినది అసలు మందు అని తెలియడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

మొక్కజొన్న ఒక్కటే కాదు. మిరపకాయ, టమాటా, బంగాళదుంప, వేరుశనగ, బొప్పాయి, జామ, జీడిమామిడి, సీతాఫలం, పొగాకు, అన్నీ ఆ ఖండాల మొక్కలే. గుంటూరు మిరపయార్డు, అనంతపురం వేరుశనగ చేను ఆ పేరు తెలియని రైతులకు బాకీ పడి ఉన్నాయి. కొత్తగా వచ్చిన కంకికి మనవాళ్ళు తెలిసిన జొన్న పేరే తగిలించి మొక్కజొన్న అన్నారు. సీతాఫలం సంగతైతే చెప్పనక్కర్లేదు, పేరు వింటే రామాయణం నాటి నుంచీ ఇక్కడే ఉన్నట్టు ఉంటుంది.

ఆండీస్ పైభాగంలో మొక్కజొన్న పండదు. అక్కడ దుంపే దిక్కు. అడవి దుంపలో విషం ఉంటుంది, పండినది త్వరగా కుళ్ళుతుంది. ఈ రెండిటికీ వాళ్ళు చలితోనే జవాబు చెప్పారు. రాత్రి దుంపలను ఆరుబయట పరిస్తే గడ్డకడతాయి. పగలు ఎండకు కరిగాక కాళ్ళతో తొక్కి నీరు పిండేస్తారు. ఇలా కొన్ని రోజులు చేస్తే రాయిలా ఎండిన చున్యో తయారవుతుంది. ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది, తేలికగా ఉంటుంది. చేదు దుంపలను నీటిలో నానబెట్టి చేస్తే వాటి విషమూ చాలావరకు పోతుంది. ఇంకాలు దారుల పొడవునా కట్టిన గిడ్డంగులు ఇలాంటి తిండితో, బట్టతో నిండి ఉండేవి. అక్కడ బంగారం కంటే మేలైన నేతబట్టకు విలువ ఎక్కువ. సైనికుడికి జీతం బట్ట, ఓడిన రాజుకు మర్యాద బట్ట. నూలు దట్టంగా కుట్టిన కవచాలు బాణాలను ఎంత బాగా ఆపేవంటే, మెక్సికోలో స్పెయిన్ సైనికులు తమ ఉక్కు కవచాలు విప్పి వాటిని తొడుక్కున్నారు.

మధ్య అమెరికా గురించి అందరికీ తెలిసినవి వేగంగా చెప్పుకోవచ్చు. మెక్సికో తీరంలోని ఓల్మెక్ జనం బండి లేకుండా టన్నుల బరువున్న రాతి తలలను కొండల నుంచి తెచ్చారు. టియోటివాకాన్ నగరంలో లక్ష మందికి పైగా మనుషులు వరసగా కట్టిన వాడల్లో ఉన్నారు. మాయా జాతివాళ్ళు సున్నా వాడి రోజులు లెక్కపెట్టారు. ఆ లెక్క మొదలయ్యే రోజు మన క్యాలెండర్‌లో క్రీ.పూ. 3114 ఆగస్టు 11. శుక్రగ్రహం 584 రోజుల చక్రాన్ని పట్టికలుగా రాసుకున్నారు. మాయాలు మాయమైపోయారని టీవీ కార్యక్రమాలు చెప్పే మాట అబద్ధం. దక్షిణపు పెద్ద నగరాలు 9వ శతాబ్దంలో కరువులు, యుద్ధాల మధ్య ఖాళీ అయ్యాయి. మాయా భాషలు మాట్లాడే లక్షలాది మంది ఇప్పుడూ గ్వాటెమాలాలో, మెక్సికోలో ఉన్నారు.

కొంచెం ఆగాల్సింది టెనోచ్‌టిట్లాన్ దగ్గర. లోతు లేని బురదచెరువులో 1325 ప్రాంతంలో మెషికాలు (అజ్టెక్‌లు) కట్టుకున్న నగరం అది, ఇప్పటి మెక్సికో సిటీ ఉన్నచోటే. చెరువులో గుంజలు పాతి, రెల్లుతో తడికె అల్లి, లోపల బురద, ఆకుచెత్త పొరలు పొరలుగా వేసి చినాంపాలనే మడులు చేశారు. వాటిని తేలే తోటలు అంటారు, తప్పు. అవి చెరువు అడుగుకు అంటుకుని ఉంటాయి, అంచున నాటిన చెట్ల వేళ్ళు పట్టి ఉంచుతాయి. కాలవలోని బురద ఏటా పైకి తోడి వేస్తే అదే ఎరువు. ఏడాదికి పలుమార్లు పంట. ఉప్పునీళ్ళు మంచినీళ్ళలో కలవకుండా సుమారు 16 కిలోమీటర్ల కట్ట వేశారు. 1519 నవంబరులో స్పెయిన్ సేనాని కోర్తేస్ మనుషులు ఆ నగరాన్ని చూసి కలా నిజమా అనుకున్నారు.

ఇదే నగరంలో గుడి ముందు మనుషులను బలి ఇచ్చేవాళ్ళు. 2015 నుంచి మెక్సికో సిటీ నడిబొడ్డున జరిగిన తవ్వకాల్లో వందల పుర్రెలతో కట్టిన గోపురం బయటపడింది. అందులో ఆడవాళ్ళవి, పిల్లలవి కూడా ఉన్నాయి. ఇంకాల గిడ్డంగుల వెనక వెట్టి ఉంది, ఊళ్ళకు ఊళ్ళను పెకలించి వేరేచోట దింపిన బలవంతం ఉంది. వాళ్ళ చేతిపనిని మెచ్చుకోవాలంటే వాళ్ళను దేవతలను చేయనక్కర్లేదు. వాళ్ళూ రాజ్యాలు కట్టిన మనుషులే.

ఉత్తరానికి వెళితే గింజ, బుట్ట రెండూ కలుస్తాయి. ఇప్పటి సెయింట్ లూయిస్ నగరం పక్కన కహోకియాలో 1050 తర్వాత వేలాది మంది ఉన్న పట్టణం లేచింది. అక్కడి పెద్ద దిబ్బ ఎత్తు సుమారు 30 మీటర్లు. ఆ మట్టంతా బుట్టలతో మోసిందే. 19వ శతాబ్దంలో అమెరికన్లు ఇలాంటి దిబ్బలను చూసి, ఎవరో అంతరించిన గొప్ప జాతి కట్టి ఉంటుందని కథలు అల్లారు. ఆ కథకు ఉపయోగం ఉంది. 1830 చట్టంతో స్థానికులను వాళ్ళ నేల నుంచి తరిమేస్తున్న రోజులవి. ఈ నేల వాళ్ళది కూడా కాదని చెప్పుకోగలిగితే తరమడం తేలిక. దిబ్బలు కట్టింది స్థానికుల పూర్వీకులేనని 1894లో అమెరికాలోని స్మిత్సోనియన్ పరిశోధన సంస్థ నివేదిక తేల్చింది. అప్పటికి తరమడం అయిపోయింది. మన పుస్తకాల్లో ఇప్పటికీ కనబడే రెడ్ ఇండియన్లు అనే మాట కూడా ఆ కాలపు చూపే. వందల జాతులను ఒక తప్పు పేరుతో ఒక ముద్దగా చూడటం.

అమెజాన్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1542లో స్పెయిన్ సేనాని ఒరెయానా పడవలు ఆ నది పొడవునా దిగివచ్చాయి. ఒడ్డున ఊరు ఊరికి తగులుతూ ఉన్నాయని పడవలో ఉన్న కార్వహాల్ అనే పాదిరీ రాశాడు. తర్వాత వెళ్ళినవాళ్ళకు అడవి తప్ప ఏమీ కనబడలేదు. కార్వహాల్‌ను అబద్ధాలకోరు అన్నారు. ఇప్పుడు లేజర్ కిరణాలతో ఆకుల కింది నేలను చూస్తున్నారు. ఈక్వడార్‌లోని ఉపానో లోయలో సుమారు 2500 ఏళ్ళ కిందటి ఆరువేలకు పైగా మట్టి అరుగులు, వాటిని కలిపే తిన్నని దారులు ఉన్నాయని 2024లో ప్రకటించారు. బొలీవియాలో కసరాబే ప్రజల పట్టణాలు 2022లో ఇలాగే బయటపడ్డాయి. ఇక నదుల ఒడ్డున అక్కడక్కడా ఒక నల్లమట్టి ఉంటుంది. బొగ్గు, ఎముకలు, కుండపెంకులు, వంటింటి చెత్త కలిసి తరతరాలుగా తయారైన మట్టి. చుట్టూ ఉన్న ఎర్రనేల సారం లేనిది, ఇది మాత్రం ఇప్పటికీ పండుతుంది. తెలుగు రైతులకు ఇది కొత్త విషయం కాదు. పాత ఊరి దిబ్బల నుంచి పాటిమన్ను తవ్వి బండ్లతో చేలకు తోలుకున్న ఊళ్ళు మనకు ఎన్నో ఉన్నాయి. మనిషి బతికిన చోటు మట్టిలో ఎలా నిలుస్తుందో పాటిమన్ను ఎరిగిన చేతులకు వెంటనే అర్థమవుతుంది.

కార్వహాల్ చూసిన ఊళ్ళు ఏమయ్యాయి? మశూచి, తట్టు, ఇన్‌ఫ్లుయెంజా. 1520లో టెనోచ్‌టిట్లాన్‌లో మశూచి దిగింది, కొత్తగా గద్దెనెక్కిన రాజు కూడా దానికే పోయాడు. స్పెయిన్ సేనాని పిజారో 168 మందితో 1532లో పెరూలోని కాహామార్కా చేరేసరికి, అంటువ్యాధి అప్పటికే ఇంకాల చక్రవర్తిని తీసుకుపోయిందని, కొడుకుల మధ్య యుద్ధం నడిచిందని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. నూరేళ్ళలో ఖండం జనాభా పదో వంతుకు పడిపోయిందని అంచనా. జబ్బుకు తోడు గనుల్లో వెట్టి, ఆకలి, కత్తి. తెలివి రాతిలో ఉంటే మనిషి పోయినా కొంత మిగులుతుంది. పేనే చేతిలో ఉన్న తెలివి చేతితోనే పోతుంది. పుస్తకాలు ఉన్నచోట వాటిని కాల్చారు. 1562 జూలైలో యుకటాన్‌లోని మానీ ఊళ్ళో దియేగో దె లాందా అనే పాదిరీ మాయా పుస్తకాలను తగలబెట్టించాడు. మొత్తం మాయా గ్రంథాల్లో ఇప్పుడు మిగిలినవి నాలుగు.

ఆండీస్‌లో పుస్తకం స్థానంలో ఉన్నది కిపు. ఒక లావు తాడుకు వరసగా వేలాడే సన్నటి రంగుపోగులు, వాటి మీద ముడులు. చివరి అరలో ఒకట్లు, పైన పదులు, ఆపైన వందలు. అంకె లేనిచోట ముడి ఉండదు, ఆ ఖాళీయే సున్నా. ఒకట్ల అరలో రెండు నుంచి తొమ్మిది దాకా ఒకే ముడిలో అన్ని చుట్లు తిప్పుతారు. ఒకటికి వేరే ఆకారం ముడి. లీలాండ్ లాక్ అనే అమెరికన్ 20వ శతాబ్దం మొదట్లో ఈ లెక్కను విప్పాడు. ఊరికి ఎందరు, గిడ్డంగిలో ఎంత, ఎవరి వంతు పని ఎంత, ఇదంతా కిపులో ఉండేది. కోటి మంది దాకా ఉన్నారని అంచనా వేసే రాజ్యాన్ని ఈ పోగులతో నడిపారు.

లెక్కలు సరే, మాటలు కూడా ఉండేవా? స్పెయిన్ అధికారులే రాసిన ప్రకారం కిపు పట్టుకుని వంశచరిత్రలు చెప్పేవాళ్ళు, కోర్టుల్లో సాక్ష్యం ఇచ్చేవాళ్ళు. 2018లో హార్వర్డ్‌లో ఒక డిగ్రీ విద్యార్థి, అతని ప్రొఫెసర్ కలిసి ఒక పని చేశారు. పెరూలోని సాంటా లోయ నుంచి వచ్చిన ఆరు కిపులను, అదే లోయలో 1670లో స్పెయిన్ వాళ్ళు రాసిన పన్ను చిట్టాతో పోల్చారు. చిట్టాలో 132 మంది పేర్లు, కిపుల్లో దాదాపు అన్నే పోగుల గుంపులు. పోగును ముందు నుంచి కట్టారా వెనక నుంచి కట్టారా అన్నదాన్ని బట్టి ఆ మనిషి ఊళ్ళో ఏ వర్గం వాడో తెలుస్తుందని వాళ్ళు వాదించారు.

ఆండీస్‌లో సాన్ హువాన్ దె కొయాతా అనే పల్లె ఉంది. అక్కడివాళ్ళు రెండు కిపులను పాత కాగితాలతో పాటు చెక్కపెట్టెలో తరాలుగా దాచుకున్నారు. అవి 18వ శతాబ్దంలో తమ నాయకులు యుద్ధం గురించి రాసుకున్న ఉత్తరాలని ఊరి పెద్దలు చెబుతారు. సబీన్ హైలాండ్ అనే పరిశోధకురాలికి వాటిని చూడనిచ్చారు. ఆమె 2017లో వివరాలు అచ్చువేశారు. రంగు, నార, పురి తిప్పిన దిక్కు కలిపి చూస్తే అందులో 95 రకాల పోగులు ఉన్నాయి. అంకెలకు అన్ని అక్కర్లేదు, మాటల కోసమే అయి ఉండాలని ఆమె అంచనా. పోగులు ఆరు జంతువుల ఉన్నితో పేనినవి: వికూన్యా, అల్పాకా, గ్వనాకో, లామా, జింక, విస్కాచా. కంటితో చూస్తే కొన్ని ఒకేలా ఉంటాయి. ఏది దేని ఉన్నో ఊరి పెద్దలు వేళ్ళతో తడిమి చెప్పారు.